జిమ్ థోర్ప్ పతకాలు: ఒక ఆదివాసీ ఛాంపియన్ కథ (ఆలూరు ప్రసంగ పాఠం)



ఆటల్లో పేరు తెచ్చుకోవాలనే పిల్లలు మన వాళ్లలో ఎక్కువవుతున్నారు. అందుకని ఈసారి ఒక ఆటగాడి గురించి చెప్పాలని మా సంఘం వాళ్లం అనుకున్నాం. మాలావత్ పూర్ణ గురించి మీకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వెళ్లిన మన లంబాడీ పిల్ల, 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కింది. జైపాల్ సింగ్ ముండా పేరు కూడా కొందరు వినే ఉంటారు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మన దేశానికి మొదటి హాకీ బంగారు పతకం తెచ్చిన జట్టుకు కెప్టెన్ ఆయన. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున గట్టిగా మాట్లాడిందీ ఆయనే. ఈ రోజు మేము చెప్పబోయే మనిషి వీళ్లిద్దరికంటే ముందువాడు. మన దేశం వాడు కాదు, అయినా ఆయన కథ వింటుంటే మన కథలాగే ఉంటుంది. పేరు జిమ్ థోర్ప్. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు గెలిచాడు. ఆర్నెల్లకు వాటిని లాక్కున్నారు. పూర్తిగా తిరిగి ఇవ్వడానికి దాదాపు 110 ఏళ్లు పట్టింది.

జిమ్ పుట్టింది అమెరికాలో ఇప్పుడు ఓక్లహోమా అంటున్న ప్రాంతంలో. సాక్ అండ్ ఫాక్స్ అనే తెగ. మన పాత పాఠ్యపుస్తకాల్లో వీళ్లందరినీ కలిపి 'రెడ్ ఇండియన్లు' అని రాసేవారు. ఆ మాట వాళ్లు పెట్టుకున్నది కాదు. మన వాళ్లను ఊళ్లో ఏమని పిలిచేవారో గుర్తుంటే, ఆ మాట ఎందుకు వాడకూడదో మీకు తెలుస్తుంది. తెగలో ఆయనకు పెట్టిన పేరు వా-థో-హుక్, వెలుగు దారి అని అర్థం చెబుతారు. పుట్టిన తేదీ మాత్రం ఖాయంగా లేదు. 1887 మే 22 అని కొందరు, 28 అని కొందరు, కాదు 1888 అని ఇంకొందరు. జనన ధ్రువపత్రం లేదు. ఇందులో వింతేమీ లేదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎంతమందికి బడిలో చేరిన రోజు అయ్యవారు వేసిన జూన్ నెల తేదీయే పుట్టినరోజు అయిందో చేతులెత్తమంటే సగం చేతులు లేస్తాయి.

ఆ తెగ అసలు ఉన్నది పెద్ద సరస్సుల దగ్గర. అక్కడి నుంచి తరుముకుంటూ తరుముకుంటూ ఓక్లహోమా దాకా తెచ్చారు. అక్కడైనా భూమి మిగిలిందా అంటే, 1891లో తెగ భూమిని పంచేసి, మిగిలిందంతా తెల్లవాళ్లకు తెరిచారు. ఒకే రోజు వేలమంది గుర్రాల మీద, బండ్ల మీద వచ్చి పరుగు పందెంలా భూములు పట్టుకున్నారు. జిమ్‌కు అప్పటికి నాలుగేళ్లో, అంతకంటే తక్కువో. కవల సోదరుడు చార్లీ తొమ్మిదేళ్ల వయసులో న్యుమోనియాతో పోయాడు. కొన్నేళ్లకు తల్లి కాన్పులో పోయింది. పిల్లవాడు హాస్టలు బడిలో నిలబడేవాడు కాదు, పారిపోయి ఇంటికి వచ్చేవాడు. చివరికి 1904లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ బడికి పంపించారు. కొద్ది రోజులకే తండ్రి కూడా పోయాడు.

ఈ కార్లైల్ గురించి కాస్త ఆగి చెప్పాలి. 1879లో ఒక సైనికాధికారి, పేరు ప్రాట్, పాత సైనిక బ్యారక్‌లలో ఆ బడి పెట్టాడు. పిల్లల్లోని ఆదివాసీని చంపేస్తేనే మనిషి మిగులుతాడని ఆయన సిద్ధాంతం. దీన్ని దాచుకోలేదు, సభల్లో చెప్పాడు. పిల్లలు రాగానే జుట్టు కత్తిరించారు, పేర్లు మార్చారు, సొంత భాష మాట్లాడితే శిక్షించారు. ఇంటి ముఖం మళ్లీ చూడకుండానే అక్కడ చనిపోయిన పిల్లల సమాధులు 180కి పైగా ఉండేవి. సెలవుల్లో ఇంటికి పంపకుండా చుట్టుపక్కల తెల్ల రైతుల పొలాలకు, ఇళ్లకు పనికి పంపేవారు. జిమ్‌ను కూడా పంపారు. మన గిరిజన గురుకులాలను దాంతో పోల్చడం లేదు, పోల్చకూడదు కూడా. పోల్చాల్సింది వేరే దాన్ని. అదే కాలంలో, 1911లో, నేరస్థ జాతుల చట్టాన్ని మన మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. అప్పుడు మన ఆలూరు బళ్లారి జిల్లాలో ఉండేది, 1953 దాకా. యెరుకులవారిని, ఇంకా అనేక సంచార జాతులను పుట్టుకతోనే దొంగలని కాగితం మీద రాశారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ పెట్టారు. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. ఆ 1913 అనే సంవత్సరం గుర్తుంచుకోండి, ఈ కథలో మళ్లీ వస్తుంది.

జిమ్ పరుగులోకి వచ్చిన తీరు కార్లైల్‌లో ఒక కథలా చెప్పుకునేవారు. 1907లో ఒక సాయంత్రం పని బట్టల్లో మైదానం పక్కగా నడుస్తున్నాడు. హైజంప్ వాళ్లు 5 అడుగుల 9 అంగుళాల కర్ర దాటలేక తంటాలు పడుతున్నారు. నేనూ ఒకసారి చూస్తానన్నాడు. నవ్వారు. ఆ పని బట్టలతోనే దూకేసి తన దారిన పోయాడు. మర్నాడు కోచ్ పాప్ వార్నర్ కబురు పెట్టాడు. ఆ తర్వాత పరుగు, దూకుడు, అమెరికన్ ఫుట్‌బాల్, ఏది పట్టుకుంటే అది. 1911లో కార్లైల్ జట్టు హార్వర్డ్ విశ్వవిద్యాలయాన్ని 18-15 తేడాతో ఓడించింది. అంటే దేశంలో అందరికంటే ధనవంతుల పిల్లల్ని అనాథ హాస్టలు పిల్లలు ఓడించినట్టు. కాలికి కట్టు కట్టుకొని ఆడిన జిమ్ ఆ ఒక్క మ్యాచ్‌లోనే నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు.

అదే బడి నుంచి ఇంకొకడు లూయిస్ తెవానిమా, హోపీ తెగవాడు. 1912లోనే 10,000 మీటర్లలో వెండి పతకం గెలిచాడు. ఆ బడిలోని ఇద్దరు ఆదివాసీ పిల్లలు అమెరికా జెండా కింద పరిగెత్తారు. కానీ అమెరికా ఆదివాసులందరికీ ఆ దేశ పౌరసత్వం దక్కింది 1924లో!

స్టాక్‌హోమ్‌లో జిమ్ రెండు పోటీల్లో దిగాడు. మొదటిది పెంటాథ్లాన్. లాంగ్‌జంప్, జావెలిన్, 200 మీటర్లు, డిస్కస్, 1500 మీటర్లు, అయిదూ ఒకే రోజు, జూలై 7న. నాలుగింటిలో మొదటివాడు, జావెలిన్‌లో మాత్రం మూడో స్థానం. రెండోది డెకాథ్లాన్. ఇప్పుడు మనం చూస్తున్న పది అంశాల రూపంలో అది ఒలింపిక్స్‌లో పెట్టింది అదే మొదటిసారి. 100 మీటర్లు, లాంగ్‌జంప్, షాట్‌పుట్, హైజంప్, 400 మీటర్లు, డిస్కస్, 110 మీటర్ల హర్డిల్స్, పోల్‌వాల్ట్, జావెలిన్, చివరికి 1500 మీటర్లు. ఇప్పుడు రెండు రోజుల్లో ముగుస్తుంది. ఆ ఏడాది మూడు రోజులు సాగింది. మీలో షాట్‌పుట్ వేసే అబ్బాయిని 1500 మీటర్లు పరిగెత్తమంటే ఏమవుతుందో మీకే తెలుసు. విసరడానికి కావలసిన ఒళ్లు వేరు, దూరం పరిగెత్తడానికి కావలసిన ఒళ్లు వేరు. జిమ్ షాట్‌పుట్‌లోనూ మొదటివాడే, 1500 మీటర్లలోనూ మొదటివాడే. అప్పటి లెక్కల్లో 8,412 పాయింట్లు. రెండో స్థానంలో ఉన్న స్వీడన్ ఆటగాడు హ్యూగో వీస్లాండర్ దాదాపు 690 పాయింట్లు వెనక. ఇవి కాక విడిగా హైజంప్‌లో దిగి నాలుగో స్థానం, లాంగ్‌జంప్‌లో ఏడో స్థానం తెచ్చుకున్నాడు.

బూట్ల సంగతి మీకు నచ్చుతుంది. పోటీ మధ్యలో ఆయన బూట్లు ఎవరో ఎత్తుకుపోయారని, ఒక బూటు ఎవరో ఇచ్చారని, ఇంకొకటి చెత్తబుట్టలో దొరికిందని చెబుతారు. ఆ కథలో ఎంత కలిపారోగానీ, ఫోటో మాత్రం ఉంది. రెండు కాళ్లకు రెండు రకాల బూట్లు, రెండు రకాల మేజోళ్లు. నల్లరేగడిలో, వాన పడితే కాలు ఎత్తలేని, ఎండితే నెర్రెలు విచ్చే నేల మీద వట్టి కాళ్లతో పరిగెత్తే మీకు ఆ ఫోటో చూపించాలని మా కోరిక. స్వీడన్ రాజు అయిదో గుస్తావ్ పతకం ఇస్తూ ప్రపంచంలో నిన్ను మించిన అథ్లెట్ లేడని మెచ్చుకున్నాడట. తిరిగి వచ్చాక న్యూయార్క్ వీధుల్లో ఊరేగించారు.

ఇక 1913. జనవరిలో ఒక అమెరికా పత్రిక ఒక వార్త వేసింది. జిమ్ 1909, 1910 వేసవి సెలవుల్లో నార్త్ కరొలైనాలో డబ్బు తీసుకొని బేస్‌బాల్ ఆడాడని. అది నిజమే. ఆటకు రెండు డాలర్లు మొదలుకొని వారానికి 35 డాలర్ల దాకా ఇచ్చేవారంటారు. మన వాళ్లు సుగ్గికి పోయి గుంటూరు వైపు మిరపకాయలు కోసి తెచ్చుకునే డబ్బులాంటిదే అది. కాలేజీ కుర్రాళ్లు చాలామంది వేసవిలో అలా ఆడేవారు. తేడా ఒక్కటే, వాళ్లు దొంగ పేర్లు పెట్టుకున్నారు, జిమ్ తన సొంత పేరుతోనే ఆడాడు. ఆ రోజుల్లో ఒలింపిక్స్‌కు వచ్చేవాడు 'అమెచ్యూర్' అయి ఉండాలి, అంటే ఏ ఆటకూ డబ్బు తీసుకోకూడదు. డబ్బు తీసుకున్నది బేస్‌బాల్‌కు, గెలిచింది పరుగులో, అయినా తప్పే.

ఈ అమెచ్యూర్ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే మీకు కోపం వస్తుంది. 1866లో లండన్‌లో ఒక అథ్లెటిక్ క్లబ్బు పెద్దమనుషులు తమ పోటీలకు నియమాలు రాసుకున్నారు. చేతిపని చేసేవాడు, కూలివాడు అమెచ్యూర్ కాడని అందులో రాశారు. డబ్బు తీసుకోకపోయినా సరే, కూలివాడైతే చాలు. తర్వాత ఆ మాట తీసేశారు, కానీ దాని బుద్ధి పోలేదు. అన్నానికి లోటు లేనివాడు ఆటను ఆటగా ఆడతాడు, లేనివాడు ఆడితే ఆట మైలపడుతుందని. మా మటుకు మాకు ఇది అంటరానితనానికి ఇంకొక పేరులాగే కనిపిస్తుంది.

జిమ్ సంజాయిషీ రాశాడు. నేను ఒక ఆదివాసీ బడి పిల్లవాడిని, ఇవన్నీ నాకు తెలియవు, మిగతా కుర్రాళ్లు చేసిందే చేశాను, పేరు మాత్రం మార్చుకోలేదు అనే అర్థం వచ్చేలా ఉంటుంది ఆ ఉత్తరం. అది కోచ్ వార్నరే రాయించి ఉంటాడని చెప్పేవాళ్లున్నారు. జిమ్ వేసవిలో ఎక్కడ ఆడాడో తనకు తెలియదన్నాడు వార్నర్. చాలామంది చరిత్రకారులు దీన్ని నమ్మరు. పిల్లవాడి పేరు మీద గెలుపులు సంపాదించినవాళ్లు పిల్లవాడికి కష్టం వచ్చినప్పుడు పక్కకు జరిగారన్నమాట. అమెరికా అథ్లెటిక్ సంఘం ఆయనను అనర్హుడిని చేసింది, అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పతకాలు వెనక్కి తీసుకుంది. రికార్డుల్లో పేరు కొట్టేశారు. పెంటాథ్లాన్ నార్వే ఆటగాడు ఫెర్డినాండ్ బీకి, డెకాథ్లాన్ వీస్లాండర్‌కు రాశారు. అసలు విజేత థోర్ప్ ఒక్కడేనని వీస్లాండర్ చివరిదాకా అనేవాడు. ఆటగాళ్లకు ఉన్న మర్యాద సంఘాలకు లేకపోయింది.

తమ్ముళ్లూ, ఇక్కడే అసలు విషయం. స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ నియమాల పుస్తకంలో ఇంకొక నియమం కూడా ఉంది. ఏ ఆటగాడి అర్హత మీదైనా ఫిర్యాదు చేయాలంటే పోటీలు ముగిసిన 30 రోజుల్లోపు చేయాలి. ఫిర్యాదు వచ్చింది ఆరు నెలల తర్వాత. అంటే జిమ్‌కు నియమం తెలియదని శిక్ష వేసినవాళ్లు తమ నియమాన్ని తామే పాటించలేదు. ఆ ఉత్తరంలో జిమ్ తరఫున క్షమించమని అడిగారుగానీ, మీ గడువు దాటిందని ఒక్క వాక్యం రాసేవాడు ఆ పిల్లవాడి పక్కన లేడు. వకీలు లేడు, తండ్రి లేడు, తెగ ఎంతో దూరంలో ఉంది.

ఆ తర్వాతి జీవితం తొందరగా చెబుతాం. పతకాలు పోయాక న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ జట్టులో చేరాడు. ఫుట్‌బాల్‌లో కాంటన్ బుల్‌డాగ్స్‌కు ఆడాడు. ఇప్పుడు ఎన్‌ఎఫ్‌ఎల్ అంటున్న పెద్ద లీగుకు 1920లో మొదటి అధ్యక్షుడు ఆయనే. ఆదివాసీ ఆటగాళ్లు మాత్రమే ఉన్న ఊరాంగ్ ఇండియన్స్ అనే జట్టును కూడా నడిపాడు. మొదటి కొడుకు పసితనంలోనే చనిపోయాడు. తాగుడు పట్టుకుంది. ఈ మాట దాచి చెబితే మీకు మేలు చేసినట్టు కాదు. ఆట అయిపోయాక 1930లలో అమెరికా అంతా పనుల్లేక అల్లాడినప్పుడు, లాస్ ఏంజెలెస్‌లో గుంతలు తవ్వే కూలికి పోయాడు, సినిమాల్లో గుంపులో నిలబడే వేషాలు వేశాడు. 1932లో ఒలింపిక్స్ అదే ఊరికి వచ్చాయి. టికెట్టుకు ఆయన దగ్గర డబ్బు లేదు. ఆ సంగతి బయటికి పొక్కితే, అప్పటి ఉపాధ్యక్షుడు చార్లెస్ కర్టిస్ పిలిపించి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కర్టిస్ తల్లి వైపు కా తెగవాడు. జిమ్‌ను చూసి స్టేడియమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 1950లో ఏపీ వార్తాసంస్థ ఓటింగులో ఆ అర్ధశతాబ్దపు గొప్ప అథ్లెట్‌గా ఎన్నికయ్యాడు. మరుసటేడు ఆయన మీద సినిమా వచ్చింది. వైద్యానికి డబ్బు లేని స్థితి కూడా అదే ఏడు. 1953 మార్చి 28న చనిపోయాడు.

పోరాటం ఆగలేదు. బిడ్డలు, ముఖ్యంగా కూతుళ్లు గ్రేస్, షార్లెట్, ఏళ్ల తరబడి అర్జీలు పెట్టారు. ఆయన జీవితచరిత్ర రాసిన రాబర్ట్ వీలర్, ఆయన భార్య ఫ్లోరెన్స్ రిడ్లన్ కూడా కలిశారు. వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఒక అల్మారా వెనక పడిపోయిన చిన్న పుస్తకం రిడ్లన్‌కు దొరికింది. 1912 నియమాల పుస్తకం. 30 రోజుల మాట అచ్చులో ఉంది. డెబ్భై ఏళ్ల ఏడుపులు, వేడుకోళ్లు కదిలించలేని ఒలింపిక్ కమిటీని ఆ పుస్తకం కదిలించింది. 1982 అక్టోబరులో నిర్ణయం మారింది. 1983 జనవరిలో ఆయన పిల్లల చేతికి పతకాలు ఇచ్చారు. అవి నకళ్లు, ఎందుకంటే అసలువి అప్పటికే దొంగలపాలయ్యాయి. అప్పుడు కూడా సగం న్యాయమే. 'సహ విజేత' అన్నారు. గెలిచినవాడి పక్కన ఓడినవాడిని అలాగే ఉంచారు. బ్రైట్ పాత్ స్ట్రాంగ్ అనే ఆదివాసీల సంస్థ మళ్లీ ఉద్యమం మొదలుపెట్టింది. 1964 టోక్యోలో 10,000 మీటర్లు గెలిచిన లకోటా తెగ పరుగు వీరుడు బిల్లీ మిల్స్ దానికి అండగా నిలిచాడు. 2022 జూలై 15న, డెకాథ్లాన్ గెలిచి సరిగ్గా 110 ఏళ్లు నిండిన రోజున, రెండింటికీ ఏకైక విజేత జిమ్ థోర్ప్ అని ప్రకటించారు.

ఒక్కటి మాత్రం ఇంకా తేలలేదు. ఆయన శవాన్ని సొంత మట్టిలో పెట్టనివ్వలేదు. మూడో భార్య తీసుకెళ్లి పెన్సిల్వేనియాలోని ఒక ఊరికి ఇచ్చింది. ఆ ఊరు తన పేరునే జిమ్ థోర్ప్ అని మార్చుకుంది. ఆయన ఎన్నడూ ఆ ఊళ్లో ఉన్నది లేదు. తండ్రిని తెగ భూమికి తెచ్చుకుంటామని కొడుకులు కోర్టుకెక్కారు. పై కోర్టులో ఓడిపోయారు, 2015లో సుప్రీంకోర్టు విననన్నది.

మీకు ఇదంతా ఎందుకు చెప్పామంటే, ఇప్పుడు అమెచ్యూర్ నియమం లేదు. జాతరలో పరుగు పందెం గెలిచి వెయ్యి రూపాయలు తీసుకున్నా, కబడ్డీ టోర్నమెంటులో డబ్బు తీసుకున్నా మీ పతకం ఎవరూ లాక్కోరు. కానీ వేరే నియమాలు వచ్చాయి, అవి అంతకంటే గట్టివి. మందుల సంగతి చూడండి. దగ్గుకనో, ఒళ్లు నొప్పులకనో మెడికల్ షాపులో ఇచ్చిన మాత్ర మింగినా, జిమ్ము అబ్బాయి ఇచ్చిన పొడి తాగినా, అందులో నిషేధించిన మందు ఉంటే బాధ్యత మీదే. నాకు తెలియదంటే వినరు. వయసు సంగతి ఇంకొకటి. ఒక ఏడాది తగ్గించి రాయిద్దామని ఎవరైనా సలహా ఇస్తారు. పట్టుబడితే నష్టం సలహా ఇచ్చినవాడికి కాదు. మొన్నామధ్య ఒక ఎంపికకు మా తాండా పిల్లవాడు పరుగులో అందరికంటే ముందు వచ్చి కూడా, కుల ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒకలా, బడి కాగితంలో ఇంకొకలా ఉందని వెనక్కి వచ్చాడు. అప్పీలుకు గడువుందని అతనికి ఎవరూ చెప్పలేదు. మాకు తెలిసేసరికి గడువు దాటింది.

అందుకని సంఘం తరఫున రెండు పనులు పెట్టుకున్నాం. ఒకటి, జిల్లా స్థాయికి పోయే ప్రతి పిల్లకు, పిల్లవాడికి కాగితాలు ముందే సరిచూసి పెట్టడం. జనన ధ్రువపత్రం, ఆధార్, ఎస్టీ సర్టిఫికెట్, స్టడీ సర్టిఫికెట్, నాలుగింటిలో పేరు, తేదీ ఒకేలా ఉన్నాయా లేదా అని. ఏదైనా నోటీసు చేతికొస్తే సంతకం పెట్టేముందు మాకు ఫోన్ చేయండి, రాత్రైనా సరే. రెండు, మన తాండాల్లో ఇంతకుముందు గెలిచినవాళ్ల పేర్లు రాయడం. జిల్లా మీట్లలో పరిగెత్తిన మామలు, అత్తలు ఉన్నారు. వాళ్ల సర్టిఫికెట్లు ట్రంకు పెట్టెల్లో చెదలు పడుతున్నాయి. కొందరివి సుగ్గికి పోయినప్పుడు కప్పు కారి తడిసిపోయాయి. ఫోటో తీసి పంపినా చాలు. ఏ ఏడు, ఏ మీట్, ఎన్ని మీటర్లు, ఎంత టైము, అన్నీ రాస్తాం.

పుస్తకం ఆ మూల బల్ల మీద పెట్టాం. భోజనాలకు లేచే ముందు ఇంట్లో పరిగెత్తినవాళ్లెవరైనా ఉంటే పేరు రాయించి వెళ్లండి.